పాపికొండల నదీవిహారం: తీరగ్రామాల జీవనాధారం

పాపికొండలను గురించిన రచనలు ప్రకృతివర్ణనతో ఆగిపోవడం పరిపాటి. ఆ సౌందర్యం తీరగ్రామాలకు ఏ మేరకు జీవనాధారమైందన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

గోదావరి తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చే ఈ ఇరుకుదారికి ఇరువైపులా ఉన్న గూడేలు ప్రధానంగా కొండరెడ్లవి, కోయలవి. పోడు వ్యవసాయం, వెదురు, అటవీ ఫలసాయం వారి బతుకుతెరువు. రాజమహేంద్రవరం వైపు నుండి, భద్రాచలం వైపు నుండి బయలుదేరే లాంచీలు ఈ ఊళ్ళను దాటుకుంటూ సాగుతాయి. టిక్కెట్టు పట్టణంలో కొంటారు. భోజనం లాంచీలోనే వడ్డిస్తారు. యాత్రికులు ఒడ్డున దిగేది పేరంటాలపల్లి వంటి ఒకటి రెండు చోట్ల, అదీ కొద్దిసేపు. అక్కడి శివాలయాన్ని దర్శించి, కొండరెడ్లు వెదురును సన్నగా చెక్కి చేసిన పూలను కొని తిరిగి లాంచీ ఎక్కుతారు. రోజంతా సాగే విహారంలో గిరిజనుని చేతికి నేరుగా అందే సొమ్ము ముఖ్యంగా ఈ పూల ధరే. ఊరు ఇక్కడ దృశ్యంగా ఉందే తప్ప భాగస్వామిగా లేదు.

ఇవే కనుమలలోని మారేడుమిల్లిలో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ వలమూరు పరిసరాలలో అటవీశాఖ ప్రోత్సాహంతో వన సంరక్షణ సమితి ద్వారా పర్యాటక వసతులు ఏర్పడ్డాయి. యాత్రికుడు రాత్రి బస చేస్తాడు, స్థానికులు వండినది తింటాడు, వారు చూపిన దారిన అడవిలో నడుస్తాడు. బొంగు చికెన్ ప్రసిద్ధికెక్కినదీ ఆ ప్రాంతం నుండే. (ఇప్పుడది నగరాల హోటళ్ళలోనూ దొరుకుతున్నది, పేరు అడవిది, లాభం హోటలుది.) తేడా ప్రకృతిలో లేదు; యాత్రికుడు ఒడ్డున గడిపే సమయంలోనూ, వసతుల నిర్వహణ ఎవరిదన్న దానిలోనూ ఉంది.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరద గోదావరిలో విహారనౌక మునిగినప్పుడు ముందుగా ఆదుకున్నది నాటుపడవలలో వచ్చిన సమీప గ్రామస్థులే. ఆ తరువాత నియంత్రణ కేంద్రాలు ఏర్పడ్డాయి, నిబంధనలు పెరిగాయి. కానీ ఏ మలుపులో సుడి ఎంత బలమైనదో తెలిసినవారికి ఆ వ్యవస్థలో స్థిరమైన స్థానం కల్పించడం అవసరం. విహారం నిలిచిన కాలంలో రేవులోని వెదురుపూల అమ్మకమూ నిలిచిపోయింది. ఒకే లాంచీపై ఆధారపడిన ఆదాయపు బలహీనత అది.

పోలవరం జలాశయం ఈ ప్రశ్నను మరింత తీవ్రతరం చేస్తున్నది. దాని పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. నీరు విస్తరించేకొద్దీ జలవిహారానికి అవకాశం పెరగవచ్చు. తీరవాసులు మాత్రం పునరావాస కాలనీలకు, అంటే నదికీ వెదురుకూ దూరంగా, తరలుతారు. 2006 అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దానిపై అడవిబిడ్డలకు హక్కునిచ్చింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు అధికారాలనిచ్చింది. ఈ రెండింటినీ పర్యాటక ప్రణాళికతో జతపరచవచ్చు. కొత్త రేవుల నిర్వహణ, పడవల అనుమతులు, బస ఏర్పాట్లలో నిర్వాసిత గ్రామసభలకు తొలి హక్కు కల్పించడం అందుకు ఆచరణీయమైన మార్గం. అనుమతులు ఇతరులకు దక్కిన తరువాత ఆ హక్కును తిరిగి రాబట్టడం కష్టం కనుక, రేవుల స్థలనిర్ణయానికి ముందే గ్రామసభల తీర్మానాలు జరగాలి.