మూలం ఎక్కడిది, వ్యాఖ్య ఎవరిది?

మార్గశిర లక్ష్మీవారం నాడు విశాఖ వన్ టౌన్‌లో బురుజుపేట వైపు వెళ్లాలంటే జనాన్ని తప్పించుకుంటూ నడవాల్సిందే. కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి చీకటితోనే బారులు తీరతారు. పసుపు కుంకుమ పొట్లాలు, పటాలు, కొబ్బరికాయలు అమ్మే కొట్లలో సన్నటి పుస్తకాలు కూడా దొరుకుతాయి. మార్గశిర లక్ష్మీవార వ్రతకథ, లలితా సహస్రనామం, కనకధారా స్తవం, దేవీ ఖడ్గమాల అన్నీ జేబులో పట్టేటంతవే. పూజలో కూర్చున్నప్పుడు చదువుకోవడానికి అవి చాలు. తరతరాలుగా ఇళ్లలో స్తోత్రాలను నిలబెట్టింది ఆ చిన్న పుస్తకాలే కాబట్టి వాటిని తక్కువ చేయనక్కర్లేదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఖడ్గమాల రోజూ చదివే ఆవిడకు ఒకనాడు అందులోని పేర్లు ఎవరివో, ఆ వరసలోనే ఎందుకు వస్తాయో తెలుసుకోవాలనిపిస్తుంది. గీత కంఠతా వచ్చిన రిటైర్డు ఉద్యోగికి ఉపనిషత్తుల మీదికి మనసు పోతుంది. కుర్రవాడొకడు కుండలిని గురించి ఎక్కడో విని, అసలు పుస్తకమేదో చదవాలనుకుంటాడు. వీళ్లు పుస్తకాల కొట్టుకు వెళితే ‘సర్వకార్యసిద్ధి’, ‘వశీకరణ’, ‘మహా రహస్య’ అన్న పేర్లే ముందు కంటబడతాయి. అట్ట మీద శ్రీచక్రం, లోపల గళ్లు గీసి అంకెలు వేసిన యంత్రాలు, ఇన్ని రోజులు జపిస్తే ఇంత ఫలమన్న హామీలు ఉంటాయి. అవన్నీ ఏ గ్రంథంలోంచి తీసినవో, ఎవరు తీశారో ఒక్క ముక్క ఉండదు.

మంచి పుస్తకాన్ని పోల్చుకోవడానికి పాండిత్యం అక్కర్లేదు. మొదటి నాలుగు పుటలు నిదానంగా చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. మూలశ్లోకం పూర్తిగా ఇచ్చారా? ప్రతిపదార్థం ఉందా, లేక తాత్పర్యంతో సరిపెట్టారా? వ్యాఖ్యాత ఎవరు, ఏ సంప్రదాయం వాడు? పరిష్కర్త పేరుందా? ఏ తాళపత్ర ప్రతినో, ఏ పాత ముద్రణనో చూసి పాఠం నిర్ణయించామని పీఠికలో చెప్పారా? పుట అడుగున పాఠాంతరాలు కనబడితే ఆ పుస్తకం వెనక ఎవరో కళ్లు కాయలు కాసేలా పని చేశారని అర్థం. వీటిలో ఏదీ లేకుండా రహస్యమన్న మాటే పుటపుటకూ కనిపిస్తే ఆ పుస్తకాన్ని అక్కడే వదిలేయవచ్చు.

ఏ పుస్తకం చదవాలి, ఏది పక్కన పెట్టాలి అన్న ఈ తర్జనభర్జన కొత్తదేమీ కాదు. సౌందర్యలహరి సంగతే చూడండి. నూరు శ్లోకాల ఆ స్తోత్రంలో మొదటి నలభై ఒకటికి ఆనందలహరి అని పేరు. ముప్పై ఒకటో శ్లోకంలో అరవై నాలుగు తంత్రాల ప్రస్తావన వస్తుంది. 16వ శతాబ్దంలో గజపతి ప్రతాపరుద్రుని ఆస్థానంలో ఉన్న మన తెలుగు పండితుడు లొల్ల లక్ష్మీధరుడు ఈ స్తోత్రానికి వ్యాఖ్య రాస్తూ ఆ శ్లోకం దగ్గర ఆగాడు. అరవై నాలుగు తంత్రాలను పేరుపేరునా చెప్పి, ఏది దేనికోసం పుట్టిందో వివరించాడు. అవి వేదమార్గానికి దూరమైనవనీ, సాధకుణ్ణి చిన్న చిన్న సిద్ధుల వెంట తిప్పేవనీ తేల్చాడు. వాటికి బదులుగా వసిష్ఠ, సనక, శుక, సనందన, సనత్కుమార సంహితలనే అయిదు శుభాగమాలను చూపించాడు. అయిదు వందల ఏళ్ల కింద ఒక తెలుగువాడు చేసిన గ్రంథపరీక్ష ఇది.

ఆయన మాటే ఆఖరి మాట కాలేదు. 18వ శతాబ్దంలో లలితా సహస్రనామానికి సౌభాగ్యభాస్కరమనే వ్యాఖ్య రాసిన భాస్కరరాయలు ఈ విషయంలో లక్ష్మీధరునితో ఒప్పుకోలేదు. ఆ తంత్రాలూ ప్రమాణాలేనని వాదించాడు. లక్ష్మీధరుడు అనుసరించిన సమయాచారం మనసులో చేసే అంతర్యాగానికి పెద్దపీట వేస్తుంది. భాస్కరరాయల దృష్టిలో బాహ్యపూజకూ అంతే చోటుంది. ఇద్దరూ మహానుభావులే, ఇద్దరూ శ్రీచక్రాన్ని ఆరాధించే శ్రీవిద్యోపాసకులే. అలాంటివారి మధ్య భేదముందని చెప్పే పుస్తకం పాఠకుణ్ణి గౌరవిస్తుంది. శ్రీవిద్య అంటే ఇదొక్కటేనని బల్లగుద్ది చెప్పే పుస్తకం చదివినవాడికి ఆ వాదం జరిగిందన్న సంగతే తెలియదు. సౌందర్యలహరి కొనేటప్పుడు శ్లోకానికొక యంత్రం, నైవేద్యం, ఫలం మాత్రమే ఇచ్చిన ముద్రణ కన్నా లక్ష్మీధర వ్యాఖ్యను ఆధారం చేసుకున్న తెలుగు వివరణ వెదకడం మేలు. యంత్రప్రయోగాల పుస్తకాలకూ ఒక సంప్రదాయం ఉంది. అయితే గురువు లేకుండా వాటిని చేతబట్టవద్దని ఆ సంప్రదాయమే చెబుతుంది.

శ్రీవిద్యను ప్రత్యక్షంగా చూడాలనుకునే పాఠకుడికి విశాఖ దగ్గర్లోనే ఒక వసతి ఉంది. అనకాపల్లి దారిలో, సబ్బవరం దగ్గర దేవీపురం. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో భౌతికశాస్త్రవేత్తగా పనిచేసిన ప్రహ్లాదశాస్త్రి అమృతానందనాథ సరస్వతిగా మారి అక్కడ శ్రీచక్రాన్ని మేరువు ఆకారంలో ఆలయంగా కట్టించారు. ఖడ్గమాలలోని దేవతలు అక్కడ ఆవరణల వారీగా విగ్రహాలై ఉంటారు. చేతిలో పుస్తకం పట్టుకుని ఒక్కొక్క ఆవరణా తిరిగితే, ఇంట్లో గుక్క తిప్పుకోకుండా చదివే పేర్లకు వరస ఎలా కుదిరిందో తెలుస్తుంది.

పవిత్రగ్రంథాల అచ్చు చరిత్రలో వన్ టౌన్‌కు రావలసినంత పేరు రాలేదు. రెండు వందల ఏళ్ల కింద విశాఖపట్నమంటే దాదాపుగా నేటి వన్ టౌనే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడ దిగారు. బైబిలును తెలుగులోకి తేవాలన్నది వాళ్ల సంకల్పం. అంతకు ముందు బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకే నోచుకోలేదు. విశాఖలో ఆ పని ముందుకు సాగిందంటే ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడు నిలవడం వల్లనే. తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో ఆయనకు తెలుసు, గ్రంథం ఏం చెప్పదలిచిందో వాళ్లకు తెలుసు. పని సగంలో ఉండగానే 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఇదే ఊళ్లో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం అనువదించగా 1818లో మద్రాసులో అచ్చయింది.

ఇందులో పాఠకుడికి పనికొచ్చే సంగతొకటుంది. అనువాదం ఒక్కరి చేతి మీదుగా, ఒక్కసారిగా అయిపోదు. తెలుగు బైబిలును ఆ తర్వాత కూడా ఎన్నో మార్లు సవరించారు. అందుకే ఏ మతగ్రంథపు అనువాదం కొన్నా అది ఏ సంవత్సరపు ప్రతి, ఎవరు సరిచూసినది అని చూసుకోవడం మంచిది. ఖురాన్ విషయమూ అంతే. దాన్ని మొదట తెలుగు చేసినవాడు ‘ఆంధ్రభాషా చరిత్రము’ రాసిన చిలుకూరి నారాయణరావు. ఉత్తరాంధ్రలో పుట్టిన భాషాశాస్త్రవేత్త ఆయన. ఆ తర్వాత ఇస్లామిక్ పండితులు చేసిన అనువాదాలు చాలా వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే ఆయత్‌కు తెలుగులో ఎన్ని దారులున్నాయో కనిపిస్తుంది. ఇసాక్ మదీనా దర్గా, రాస్ హిల్ చర్చి, వెంకటేశ్వరస్వామి గుడి పక్కపక్క కొండల మీద ఉన్న పేట వన్ టౌన్. ఒక గ్రంథం చదివినవాడికి పక్క కొండ మీది గ్రంథం మీదికి మనసు పోవడంలో వింతేముంది?

సంస్కృతం వైపు చూస్తే, ఇదే ఊళ్లో పరవస్తువారి ఇల్లు ఒక విద్యాపీఠంలా నడిచింది. మహామహోపాధ్యాయ పరవస్తు వెంకట రంగాచార్యులు 1822లో పుట్టి 1900 దాకా జీవించారు. శాకుంతలాన్ని తెనిగించిన పండితుడాయన. ఆ కుటుంబం విశాఖలో గ్రంథాలయం నిలిపింది, ఆర్ష ముద్రాక్షరశాల నడిపింది, అరుదైన సంస్కృత గ్రంథాలను ‘గ్రంథ ప్రదర్శని’ పేర వరసగా అచ్చువేసింది. మార్కండేయుడు రాసిన ప్రాకృత వ్యాకరణం ‘ప్రాకృత సర్వస్వం’ ఆ వరసలోనే వచ్చింది. ప్రాకృతం మీద పనిచేసే పండితులు ఎక్కడివాళ్లయినా చాలాకాలం ఆ విశాఖ ముద్రణనే చూడాల్సి వచ్చింది. కలకత్తానో కాశీయో కాని ఒక రేవు పట్నం నుంచి అలాంటి పుస్తకం రావడం ఉత్తరాంధ్ర గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి.

పొరుగునే ఉన్న విజయనగరం చేసింది మరీ పెద్ద సాయం. మాక్స్ ముల్లర్ సాయణభాష్యంతో పరిష్కరించిన ఋగ్వేదం రెండో ముద్రణ 1890-92 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువడింది. దానికి డబ్బు పెట్టింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. కాశీలో ఆ సంస్థానం పేరు మీదనే ఒక సంస్కృత గ్రంథమాల కూడా నడిచింది. నేటి తెలుగు పాఠకుడికి నాలుగు వేదాలూ దాశరథి రంగాచార్య తెలుగులో దొరుకుతున్నాయి. వేదం ఏం చెబుతోందో వచనంలో సాఫీగా తెలుసుకోవాలనుకునేవారికి అది చక్కటి ప్రవేశం. స్వరంతో నేర్చుకోవాలంటే మాత్రం గురుముఖమే దారి.

ఇక దివ్యజ్ఞాన సమాజం (థియొసాఫికల్ సొసైటీ) పుస్తకాలు. ఆ సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ ‘సీక్రెట్ డాక్ట్రిన్’ 1888లో వచ్చింది. పేరు విని కొని, పది పుటలు దాటలేక అటకెక్కించినవాళ్లు ఎందరో. దానికన్నా ముందు మన కాకినాడలో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావును చదవడం మంచిది. ముప్పై నాలుగేళ్లు నిండకుండానే, 1890లో పోయిన మేధావి ఆయన. 1886లో అడయారులో గీత మీద ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా ఇప్పటికీ దొరుకుతున్నాయి. బ్లావట్‌స్కీ తన గ్రంథం చూసిపెట్టమంటే సుబ్బారావు నిరాకరించారు. మనిషిలో తత్త్వాలు ఏడని ఆమె అంటే ఆ విభాగంతో విభేదించారు. ఆ వాదం తెలిసిన పాఠకుడు ‘సీక్రెట్ డాక్ట్రిన్’ను వేరే కళ్లతో తెరుస్తాడు.

ఈ పాయ విశాఖలోకి బలంగా ప్రవహించింది ఎక్కిరాల కృష్ణమాచార్య వల్ల. 1926లో బాపట్లలో పుట్టిన ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు, 1971లో విశాఖలో వరల్డ్ టీచర్ ట్రస్టు స్థాపించారు, 1984లో కన్నుమూశారు. ‘స్పిరిచువల్ ఆస్ట్రాలజీ’ అనే ఇంగ్లిషు గ్రంథం, ‘పురాణపురుషుడు’ నవల, భాగవత రహస్య ప్రకాశం వంటివి ఆయన రచనలు. తెలుగు మాస్టారు కావడంతో ఆయన వాక్యం తేటగా ఉంటుంది. చదివేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. వ్యాసుని మాట, దివ్యజ్ఞాన సమాజం దృష్టి, కుంభకోణంలో 1910లో మాస్టర్ సి.వి.వి. మొదలుపెట్టిన యోగమార్గం, జ్యోతిషం ఆయన పుస్తకాల్లో కలిసి నడుస్తాయి. భాగవత మూలం పక్కన పెట్టుకుని చదివితే వ్యాసుడెక్కడ, ఎక్కిరాల ఎక్కడ అన్నది తేటతెల్లమవుతుంది. అలా చదివినప్పుడే ఆయన సొంత ఊహల లోతు కూడా తెలిసేది.

కుండలిని గురించి అడిగిన కుర్రవాడికి చెప్పదగిన పాత పుస్తకం జాన్ ఉడ్రఫ్ ‘సర్పెంట్ పవర్’. ఆర్థర్ ఆవలాన్ పేరుతో 1919లో వచ్చింది. ఆయన కలకత్తా హైకోర్టు జడ్జి. పూర్ణానందుని షట్చక్ర నిరూపణాన్ని మూలంతో సహా ఇచ్చి, దాని మీద తన పరిచయం రాశాడు. నూరేళ్లు దాటినా ఆ పుస్తకం నిలవడానికి కారణం మూలాన్ని దాచకపోవడమే.

ఇక దొరికే చోట్లు. వన్ టౌన్ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుంటే 1938 నాటి రామకృష్ణ మిషన్ ఆశ్రమం వస్తుంది. ఉపనిషత్తులకు, గీతకు, వివేకానందుని రచనలకు అక్కడి పుస్తకాలు నమ్మదగ్గవి. గీతా ప్రెస్ తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే మూలంతో, అర్థంతో దొరుకుతాయి. వ్యాఖ్య వాళ్ల దృక్పథానికి తగ్గట్టే ఉంటుందని తెలిసి చదవాలి. తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన కవిత్రయ భారతం, పోతన భాగవతం అర్థతాత్పర్యాలతో ఉన్నాయి. దేవస్థానం తన ప్రచురణలను ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంచింది. ద్వారకానగర్‌లో పౌరగ్రంథాలయం ఉంది. పరిశోధన దాకా వెళ్లేవారికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం ఉంది, తాళపత్రాలు కూడా అక్కడున్నాయి.

పాత పుస్తకాల బండి మీద ‘వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్’ అన్న పేరు కనబడితే అట్ట చిరిగినా వదలకూడదు. 1854లో మద్రాసులో మొదలైన ఆ సంస్థ ముద్రణల్లో అచ్చుతప్పులు బహు అరుదు. తెనాలి సాధన గ్రంథ మండలి పుస్తకాలూ అలా వెదికి పట్టుకోదగ్గవే. ఇవి చేతికి దొరక్కపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడవచ్చు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు అక్కడికి చేరాయి. అయితే వాటి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. సౌందర్యలహరిని ‘sau’తో ఒకసారి, ‘sou’తో ఒకసారి, మాట విడగొట్టి ఒకసారి, వ్యాఖ్యాత పేరుతో మరోసారి వెదకాలి. దొరికాక ముందుగా పుటల అంకెలు సరిచూసుకోవాలి. స్కానింగులో పుటలు జారిపోయిన ప్రతులు చాలానే ఉన్నాయి, అదే పుస్తకం వేరే గ్రంథాలయం నుంచి ఎక్కించిన ప్రతిలో ఆ పుటలు దొరకవచ్చు.