తాళం తిరిగినా లేవని ఇంజన్

గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా మీదుగా 44వ జాతీయ రహదారి ఎక్కే ఇటీవలి కార్లలో చాలావాటికి, యజమానికి తెలిసినా తెలియకపోయినా, ఇమ్మొబిలైజర్ అనే దొంగతన నిరోధక వ్యవస్థ ఉంటుంది. తాళంచెవి తలలో దాగిన చిన్న చిప్‌కు సొంత బ్యాటరీ ఉండదు. తాళపు రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచి శక్తి పొంది అది తన గుర్తింపును పంపుతుంది, ఆ గుర్తింపు సరిపోలితేనే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, ఇంధనాన్ని వదులుతుంది. ఐరోపా సమాఖ్యలో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరైన ఈ ఏర్పాటు ఒక్కోసారి దొంగనూ యజమానినీ ఒకే గాటన కడుతుంది.

సెల్ఫ్ బలంగా తిరుగుతున్నా ఇంజన్ అంటుకోకపోతే, లేదా అంటుకున్న ఒకటి రెండు సెకన్లలోనే ఆగిపోయి డ్యాష్‌బోర్డుపై తాళం గుర్తు మిణుకుమంటే, అనుమానించవలసింది ఇమ్మొబిలైజర్‌నే. సెల్ఫ్ టకటకమని ఆగిపోతే మాత్రం లోపం చాలావరకు బ్యాటరీదే. అయితే ఈ రెండింటి మధ్య గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు, ఎందుకంటే నీరసించిన బ్యాటరీ వోల్టేజి సెల్ఫ్ తిప్పేటప్పుడు మరింత పడిపోయి, ఈసీయూ చిప్‌ను చదవలేని స్థితి రావచ్చు. అందుకే టెర్మినళ్లకు పట్టిన తెల్లని పొడిని తుడిచి, వాటిని బిగించి, బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టించడం తొలి పని. బ్యాటరీ దిగిన గేర్ల కారును తోసి లేపవచ్చు గాని, ఇమ్మొబిలైజర్ ఇంధనం ఆపిన కారును ఊరంతా కలిసి తోసినా అది లేవదు.

తర్వాత పరీక్షించవలసింది తాళంచెవిని. బజారులో కోయించిన డూప్లికేట్ తాళం తలుపు తీస్తుంది, రంధ్రంలో తిరుగుతుంది, కానీ దానిలో చిప్ లేకపోతే ఇంజన్‌కు అది పరాయిదే. అసలు తాళమే పనిచేయనప్పుడు, గుత్తిలోని ఇతర కార్ల తాళాలు చిప్ సంకేతానికి అడ్డుపడే అవకాశం ఉన్నందున వాటిని తీసివేసి చూసి, ఆపైన కంపెనీ ఇచ్చిన రెండో తాళంతో ప్రయత్నించాలి; రెండోదానితో కారు లేస్తే లోపం మొదటి తాళంలోనిదని తేలిపోతుంది. బటన్‌తో స్టార్టయ్యే కార్లలో స్మార్ట్ తాళంలోని బిళ్ల బ్యాటరీ అయిపోయినా, తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి గాని, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన చోట ఉంచి గాని చాలా మోడళ్లలో ఇంజన్‌ను లేపవచ్చు.

రెండు తాళాలూ విఫలమైతే లోపం తీగచుట్టలోనో, ఫ్యూజులోనో, వైరింగులోనో, ఈసీయూలోనో ఉన్నట్లు. దానిని స్కానర్ ఉన్న మెకానిక్ గాని, షోరూమ్ వర్క్‌షాప్ గాని పట్టుకోవాలి. వైర్లు కత్తిరించి వ్యవస్థను దాటే ప్రయత్నం వృథా, ఎందుకంటే అడ్డుకుంటున్నది తీగ కాదు, ఈసీయూలోని ప్రోగ్రాము. కొత్త తాళాన్ని దానికి నమోదు చేయించేటప్పుడు ఆర్‌సీ, గుర్తింపు పత్రంతో పాటు ఇంట్లో ఉన్న తాళాలన్నీ తీసుకెళ్లాలి, ఎందుకంటే కొన్ని మోడళ్లలో కొత్త నమోదుతో పాతవి చెరిగిపోయి, ఇంట్లో మిగిలిన తాళం మరుసటి రోజు నుంచి తలుపు తీయడానికి మాత్రమే పనికొస్తుంది.