యురయా హీప్: రెండున్నరేళ్లలో ఐదు ఆల్బమ్‌లు, ఆ తర్వాత కట్టిన మూల్యం

డెబ్బైల నాటి బ్రిటిష్ హార్డ్ రాక్ అనగానే లెడ్ జెప్లిన్, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బాత్ అని మూడు పేర్లు చెప్పేస్తాం. ఆ వరుసలో నాలుగో పేరు ఏంటని అడిగితే మాత్రం కాసేపు ఆగుతాం. నన్నడిగితే ఆ నాలుగో పేరు యురయా హీప్. ఈ రోజు ఎపిసోడ్ వాళ్ల గురించే.

ముందు ఒక విషయం చెప్తా. వీళ్ల మొదటి ఆల్బమ్ రాగానే అమెరికాలో రోలింగ్ స్టోన్ పత్రిక రివ్యూ వేసింది. ఈ బ్యాండ్ గనక పైకొస్తే నేను ప్రాణం తీసుకోవాల్సిందే అనే అర్థంలో రాసింది ఆ విమర్శకురాలు. ఊహించుకోండి, మీ మొదటి పనికి వచ్చిన మొదటి మాట అది! ఆ బ్యాండ్ పైకొచ్చింది, యాభై ఏళ్లు దాటినా నిలబడింది కూడా. కానీ అందులో ఉన్న వాళ్లందరూ నిలబడలేదు. అసలు కథ అదే.

మొదట్నుంచీ వద్దాం. లండన్‌లో మిక్ బాక్స్ అనే గిటారిస్టు, డేవిడ్ బైరన్ అనే సింగర్ కలిసి స్పైస్ అనే బ్యాండ్ నడిపేవాళ్లు. 1969 చివర్లో వాళ్లకి కెన్ హెన్స్‌లీ తోడయ్యాడు. కీబోర్డు వాయిస్తాడు, గిటార్ వాయిస్తాడు, పాడతాడు, అన్నిటికంటే ముఖ్యంగా పాటలు రాస్తాడు. 1970 అంటే నవలా రచయిత చార్లెస్ డికెన్స్ చనిపోయి వందేళ్లు. ఎక్కడ చూసినా ఆయన పేరే వినిపిస్తున్న టైమ్ అది. డేవిడ్ కాపర్‌ఫీల్డ్ నవలలో అతి వినయం నటించే ఒక పాత్ర ఉంటుంది, పేరు యురయా హీప్. ఆ పేరే బ్యాండ్‌కి పెట్టేశారు. మేనేజర్, నిర్మాత రెండూ జెర్రీ బ్రానే.

సరే, వీళ్ల సౌండ్‌లో ప్రత్యేకత ఏంటి? రెండు విషయాలు పట్టుకోండి చాలు. మొదటిది హామండ్ ఆర్గాన్. మన హార్మోనియంలో గాలి తగిలి రీడ్లు మోగుతాయి కదా, దీన్లో అలా కాదు. లోపల చిన్న చిన్న లోహపు చక్రాలు తిరుగుతుంటాయి, వాటి పళ్లు అయస్కాంతాల ముందు నుంచి వెళ్తుంటే కరెంటు సిగ్నల్ పుడుతుంది. దాన్ని యాంప్‌లో బాగా పెంచితే ఆర్గాన్ కూడా గిటార్‌లా గర్జిస్తుంది. హెన్స్‌లీ చేసింది అదే. ఆర్గాన్ ఒక పక్క, మిక్ బాక్స్ వావా పెడల్ గిటార్ ఇంకో పక్క... రెండూ గోడలా నిలబడతాయి.

రెండోది గొంతులు. బైరన్ పైస్థాయిలో పాడుతుంటే, వెనక మిగతా వాళ్లు కలిసి ఇంకా పైన ఆ... అని రాగం తీస్తారు. హార్డ్ రాక్‌లో ఇంత భారీ కోరస్ అప్పట్లో చాలా అరుదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆల్బమ్‌లు. 1970లో వెరీ ఈవీ వెరీ అంబుల్ వచ్చింది. జిప్సీ అనే పాటతో మొదలవుతుంది. సౌండ్ బరువుగా ఉంటుంది, కొంచెం గజిబిజిగా కూడా ఉంటుంది. బ్యాండ్ ఇంకా తనని తాను వెతుక్కుంటోంది. 1971 మొదట్లో సాల్స్‌బరీ. టైటిల్ పాట 16 నిమిషాలు, వెనక 24 మంది ఆర్కెస్ట్రా! వీళ్లని ప్రోగ్రెసివ్ అని ఎందుకంటారో ఈ పాట వింటే అర్థమవుతుంది. అదే ఆల్బమ్‌లో లేడీ ఇన్ బ్లాక్ ఉంది. పాడింది బైరన్ కాదు, హెన్స్‌లీ. సింపుల్ ట్యూన్, ఎవరైనా కలిసి పాడేయొచ్చు. 1977లో అదే పాట జర్మనీలో మళ్లీ వచ్చి పెద్ద హిట్ అయింది.

1971లోనే లుక్ ఎట్ యువర్‌సెల్ఫ్. కవర్ మీద అద్దంలా మెరిసే రేకు అతికించారు. నిన్ను నువ్వు చూసుకో అని పేరు పెట్టి చేతికి అద్దం ఇచ్చారన్నమాట! ఇందులోనే జూలై మార్నింగ్ ఉంది. పది నిమిషాలు దాటే పాట. మెల్లగా ఆర్గాన్‌తో మొదలై, బైరన్ గొంతుతో ఎక్కుతూ పోతుంది. చివర్లో మాన్‌ఫ్రెడ్ మాన్ వాయించిన మూగ్ సింథసైజర్ సుడులు తిరుగుతుంది. రీల్స్ అలవాటైన చెవికి పది నిమిషాలు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ ఒక్కసారి స్కిప్ చేయకుండా వినండి.

డ్రమ్స్‌కి లీ కెర్స్‌లేక్, 1972లో బేస్‌కి న్యూజిలాండ్ నుంచి వచ్చిన గ్యారీ థెయిన్ చేరారు. అభిమానులు అసలైన టీమ్ అనేది దీన్నే. ఆ ఏడాది మేలో డీమన్స్ అండ్ విజర్డ్స్, నవంబర్‌లో ద మెజీషియన్స్ బర్త్‌డే. రెండింటికీ కవర్ బొమ్మలు వేసింది రోజర్ డీన్. ఈజీ లివిన్ అనే పాట మూడు నిమిషాలు కూడా ఉండదు, అమెరికాలో టాప్ 40లోకి వెళ్లింది. థెయిన్ బేస్ ప్రత్యేకంగా వినండి. గిటార్ కింద దాక్కోదు, సొంతంగా ఇంకో ట్యూన్ అల్లుకుంటూ పోతుంది.

ఇక్కడ ఆగి లెక్కేద్దాం. 1970 జూన్ నుంచి 1972 నవంబర్ వరకు, అంటే రెండున్నరేళ్లలో ఐదు స్టూడియో ఆల్బమ్‌లు. మధ్యలో టూర్లు. అప్పట్లో ఏ బ్యాండ్‌కైనా పద్ధతి అదే: రికార్డ్ చెయ్యి, టూర్‌కి వెళ్లు, తిరిగొచ్చి మళ్లీ రికార్డ్ చెయ్యి. 1973లో లైవ్ డబుల్ ఆల్బమ్, ఆ తర్వాత స్వీట్ ఫ్రీడమ్, 1974లో వండర్‌వరల్డ్. బయట నుంచి చూస్తే విజయమే. లోపల మాత్రం బ్యాండ్ అలిసిపోతోంది, మద్యం, డ్రగ్స్ చేరిపోయాయి.

1974 సెప్టెంబర్‌లో అమెరికాలోని డల్లాస్‌లో స్టేజ్ మీద గ్యారీ థెయిన్‌కి కరెంట్ షాక్ కొట్టింది. గట్టి దెబ్బే తగిలింది. కానీ అప్పటికే డ్రగ్స్ కూడా అతన్ని దెబ్బతీశాయి. 1975 మొదట్లో బ్యాండ్ అతన్ని తీసేసింది. ఆ డిసెంబర్‌లో హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు. వయసు 27.

అతని చోట్లో కింగ్ క్రిమ్సన్ నుంచి జాన్ వెట్టన్ వచ్చాడు. రిటర్న్ టు ఫాంటసీ బ్రిటన్ చార్టుల్లో 7వ స్థానం దాకా వెళ్లింది. చూడండి ఎలా ఉందో! థెయిన్ పోయిన సంవత్సరమే బ్యాండ్‌కి సొంత దేశంలో పెద్ద విజయం. 1976లో హై అండ్ మైటీ తర్వాత తాగుడు కారణంగా డేవిడ్ బైరన్‌ని కూడా తీసేశారు. బ్యాండ్ గొంతే అతను! అతన్ని తీసేసి తప్పు చేశారా? నా అభిప్రాయం చెప్తా. ప్రతి రాత్రీ స్టేజ్ మీద ఏం జరుగుతుందో తెలియకపోతే మిగతా నలుగురూ ఏం చేస్తారు? అలాగని అతన్ని ఆ స్థితికి తెచ్చిన వేగాన్ని ఆపడం గురించి ఎవరూ ఆలోచించినట్టు కనిపించదు. నాకు బాధనిపించేది అక్కడే.

తర్వాత జాన్ లాటన్ పాడాడు. ఫైర్‌ఫ్లై, ఇన్నోసెంట్ విక్టిమ్, ఫాలెన్ ఏంజెల్ అని మూడు ఆల్బమ్‌లు. బాగా పాడాడు కూడా. 1980లో హెన్స్‌లీ వెళ్లిపోయాడు. అప్పుడు మిక్ బాక్స్ బైరన్‌ని మళ్లీ పిలిచాడు, బైరన్ రాలేదు. 1985లో 38 ఏళ్లకే తాగుడు వల్ల చనిపోయాడు.

మిక్ బాక్స్ మాత్రం వదల్లేదు. మళ్లీ మళ్లీ మనుషుల్ని కూడగట్టి బ్యాండ్‌ని నిలబెట్టాడు. 1987 డిసెంబర్‌లో సోవియట్ మాస్కోలో పది రాత్రులు వాయించారు, సుమారు 1,80,000 మంది వచ్చారు. పశ్చిమ దేశాల రాక్ బ్యాండ్లకి ఆ తలుపు అప్పుడప్పుడే తెరుచుకుంటోంది.

ఇంకో దేశం సంగతి వినండి. బల్గేరియాలో ప్రతి ఏటా జూన్ 30 రాత్రి యువత నల్ల సముద్రం ఒడ్డుకి చేరి, జూలై 1న సూర్యోదయం చూస్తారు. ఆ ఆనవాయితీకి పేరు ఈ పాటదే, జూలై మార్నింగ్. కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న రోజుల్లో మొదలైంది. నోరు తెరిచి స్వేచ్ఛ అని అనలేని చోట, తెల్లవారడం చూడ్డానికి వెళ్తున్నాం అంటే ఎవరు ఆపుతారు? తర్వాత్తర్వాత జాన్ లాటన్ స్వయంగా వెళ్లి ఆ ఒడ్డున సూర్యోదయం వేళ ఆ పాట పాడాడు.

కెర్స్‌లేక్, హెన్స్‌లీ ఇద్దరూ 2020లో పోయారు, లాటన్ 2021లో. మొదటి రోజు నుంచి ఉన్నది మిక్ బాక్స్ ఒక్కడే.

కొత్తగా వినేవాళ్లకి నా ఆర్డర్ ఇది: ముందు ఈజీ లివిన్, తర్వాత లేడీ ఇన్ బ్లాక్, ఆ తర్వాత జూలై మార్నింగ్. నచ్చితే డీమన్స్ అండ్ విజర్డ్స్ మొత్తం. సాల్స్‌బరీ చివరికి ఉంచుకోండి. వీళ్లవి అన్నీ గొప్ప ఆల్బమ్‌లు అని చెప్పను, కొన్ని తొందరలో చేసినట్టే ఉంటాయి. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

ఈ రాత్రి ఫోన్ పక్కన పెట్టి, లైట్ ఆపేసి ఆ పది నిమిషాల పాట వినండి. బైరన్ గొంతు వినండి, కింద థెయిన్ బేస్ కావాలంటే 1973 లైవ్ ఆల్బమ్‌లోది వినండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు, బై!