చిరకలో ముంచిన రొట్టెముక్క

ప్రొద్దుటూరులో తెల్లవారితే చాలు, కారం దోసె వాసన వీధి మలుపు దాకా వస్తుంది. ఎండు మిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు చేర్చి మెత్తగా నూరిన ఎర్రకారాన్ని పెనం మీది దోసెకు అంచుల దాకా పూసి, పైన పప్పులపొడి చల్లుతారు. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లోనైతే రాగిసంగటి ముద్దకు తోడు చెనక్కాయల ఊరిబిండి. ఇక్కడ పుట్టినవారికి ఆ కారం లేకపోతే ముద్ద దిగదు. కొత్తగా వచ్చినవారికి అది ఉంటే ముద్ద దిగదు!

కోనసీమ నుంచి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన కొత్తలో నాదీ అదే అవస్థ. ఒక ఆదివారం సాయంత్రం గృహకూడిక కోసం జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఒక పేద విశ్వాసి ఇంటికి వెళ్లాం. ప్రార్థన ముగిశాక ఆ ఇంటి పెద్దమ్మ సంగటి, ఊరిబిండి పళ్లెంలో పెట్టి తెచ్చింది. ‘నాకు కారం పడదు పెద్దమ్మా’ అన్నాను. అందులో సగమే నిజం. ఆ ఇంట్లో, ఆ పళ్లెంలో తినడానికి నా మనసు వెనకాడిందన్నది మిగతా సగం. ఆమె నొచ్చుకోలేదు. ‘మొదట అట్లనే ఉంటాది నాయనా. రోంత అద్దుకో. నాలుగు దినాలు తింటే నువ్వే అడుగుతావు’ అంది.

ఆమె మాట శాస్త్రజ్ఞులు కూడా ఒప్పుకునేదే. నిజానికి కారం ఒక రుచి కాదు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం వేడినీ మంటనూ తెలిపే నరాలను తట్టి లేపుతుంది. పదేపదే తింటే ఆ మంట అలవాటవుతుంది. అసలు మిరపకాయే మన నేలది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి చేరింది. అంతకుముందు మన పూర్వికుల వంటల్లో ఘాటు అంటే మిరియాలే. సీమవాసులు గర్వంగా చెప్పుకునే ఎర్రకారం కూడా ఒకనాడు ఎవరో ధైర్యం చేసి నాలుకకు రాసుకున్న పరాయి రుచే!

ఇంగ్లండువారికీ ఇలాంటిదే ఒకటుంది. బీరు తయారీలో మిగిలే ఈస్టుతో 1902 నుంచి చేస్తున్న మార్మైట్ అనే నల్లని, ఉప్పని ముద్దను రొట్టెకు పలచగా పూసుకుని తింటారు. అలవాటు లేనివారు దాన్ని నోట పెట్టుకుంటే మొహం చిట్లిస్తారు. అయితే 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతకు మందు వెదికి వెదికి, ఆ నల్లని ముద్దతోనే అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. అందులో మేలు చేసింది ఫోలేట్ అని తర్వాత తేలింది. మనం మొహం తిప్పుకున్న దానిలోనే మన మేలు దాగి ఉండవచ్చు.

బేత్లెహేము పొలంలో పరిగె ఏరుకున్న రూతు మోయాబు స్త్రీ, పరాయిది, పేదది, విధవరాలు. భోజనవేళ బోయజు ఆమెను దూరంగా కూర్చోబెట్టి ఇంత పెట్టించలేదు. దగ్గరికి రమ్మని, రొట్టె తింటూ ముక్కను చిరకలో ముంచుకొమ్మన్నాడు, పేలాలు అందించాడు (రూతు 2:14). తమతోపాటు ముంచుకుని తినమనడమంటే, ‘నువ్వు మాలో ఒకతెవు’ అని చెప్పడమే. ఆ పరాయి స్త్రీయే దావీదుకు ముత్తవ్వ అయింది, యేసుప్రభువు వంశావళిలో చేరింది.

పేతురుకు మాత్రం ఈ పాఠం అంత తేలికగా రాలేదు. యొప్పేలో మేడమీద ఆయనకు పరలోక స్వరం ఒకే మాట మూడుసార్లు చెప్పవలసి వచ్చింది (అపో. కార్య. 10:16). ఆ తర్వాత కూడా అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్నవాడు, యెరూషలేము నుంచి కొందరు రాగానే పళ్లెం వదిలి పక్కకు తప్పుకున్నాడు. పౌలు దాన్ని భోజనానికి సంబంధించిన చిన్న విషయంగా చూడలేదు. సువార్త సత్యానికే విరుద్ధమైన నడతగా ఎంచి, అందరి ఎదుటా నిలదీశాడు (గలతీ. 2:11-14).

లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని ఆరంభించింది. అంటే ఇక్కడ సువార్త వినబడి రెండు వందల ఏళ్లు దాటింది. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరం ఒక్కటే. మరి ఆ మధ్యాహ్నం ఎవరింట తింటున్నాం? ఎవరింట తినకుండా తప్పించుకుంటున్నాం? ‘కారం పడదండీ’, ‘ఇప్పుడే తిని వచ్చాం’ అనే మర్యాద మాటల వెనక కులమూ అంతస్తూ దాక్కుని లేవా? చాలాసార్లు అలవాటు కావలసింది నాలుకకు కాదు, హృదయానికి. ఆ అలవాటు కూడా అభ్యాసం వల్లే వస్తుంది, ప్రసంగాలు వినడం వల్ల రాదు.

ఆ సాయంత్రం నేను రోంత అద్దుకున్నాను. నోరు మండింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగోసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు, వడ్డించకముందే ‘ఊరిబిండి లేదా పెద్దమ్మా?’ అని అడిగాను. ఆమె నవ్వి, ‘నేను చెప్పలే?’ అంది.

వచ్చే ఆదివారం మీరు ఎన్నడూ తినని ఇంట్లో ఎవరైనా మీ ముందు పళ్లెం పెడితే, కాదనకండి. రోంత అద్దుకోండి.