తలుపు దయా విరుస్తాడు.. లోపలికి అయ్యగారు వెళ్లాలి!

బంగారుపేట: మారికుప్పంలో పొద్దున్నే రైలెక్కితే బెంగళూరు దిగేదాకా మాటలే మాటలు. కూర్చోడానికి చోటుండదు, నోటికి మాత్రం తీరికుండదు. ఛాంపియన్ రీఫ్, ఊరుగాం, కోరమాండల్ నుంచి వచ్చే కుర్రాళ్లు తలుపు దగ్గర ఓ గుంపుగా చేరతారు. తెలుగు, తమిళం, కన్నడం.. ఒకే వాక్యంలో మూడూ పలుకుతాయి. ఈ మధ్య వాళ్ల నోట్లో నానుతున్న సంగతి ఒక్కటే. గుంపులో ఒకడు ఉద్యోగం వదిలేసి పాస్టరు అవుతానంటున్నాడు.

కుర్రాడికి ఇరవై ఆరేళ్లు. బీకాం చదివాడు. బెంగళూరులో ఓ ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూస్తాడు. ఆ మాట చెప్పగానే పక్కనున్న దోస్తు నవ్వాపుకోలేకపోయాడు. ‘‘నువ్వు అయ్యగారివా మచ్చా! రాత్రి పన్నెండు దాకా సీఐడీ చూస్తావు. నీ ప్రసంగం కూడా అట్లే ఉంటాది. ముందర శవం, నడాన ల్యాబు, చివర్లో చెంపదెబ్బ!’’

డబ్బా అంతా గొల్లుమంది.

సీఐడీ అంటే తెలియనివారు తక్కువే. 1998 జనవరి 21న సోనీలో మొదలైన ఈ హిందీ సీరియల్ 2018 అక్టోబరు దాకా, ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. ఆరేళ్ల విరామం తర్వాత 2024 డిసెంబరులో మళ్లీ వచ్చింది. ఏసీపీ ప్రద్యుమన్‌గా శివాజీ సాటమ్, అభిజీత్‌గా ఆదిత్య శ్రీవాస్తవ, దయాగా దయానంద్ శెట్టి. 2004లో ఎక్కడా కట్ లేకుండా 111 నిమిషాల ఎపిసోడ్‌ను ఒకే షాట్‌లో తీసి రికార్డు కొట్టారు. అది పక్కన పెడితే మిగతాదంతా ఒకటే అచ్చు. శవం దొరుకుతుంది. ఏసీపీ గాల్లో వేళ్లు తిప్పుతూ ఏదో తేడా ఉందంటాడు. మూసిన తలుపు కనిపిస్తే దయాకు చెబుతారు, దయా భుజంతో గుద్దుతాడు. డాక్టర్ సాలుంఖే మైక్రోస్కోపులో చూసి ఏసీపీతో కాసేపు కీచులాడతాడు. దొంగకు ఒక్కటి పడగానే అంతా కక్కేస్తాడు. ఉరి ఖాయమని ఏసీపీయే చెప్పేస్తాడు. కోర్టు, సాక్షులు, వాయిదాలు మనకు కనిపించేది అరుదు. నిజమైన స్టేషన్ మెట్లెక్కినవాళ్లకు ఇది చూస్తే నవ్వొస్తుంది. అయినా చూస్తారు. గంటలోపే న్యాయం జరిగిపోవడం బయట ఎక్కడ దొరుకుతుంది మరి!

పాస్టరు కాబోయే కుర్రాడు మాత్రం తగ్గలేదు. ‘‘అచ్చు ఒకటే అయితే తప్పేముంది? మా గుడిలో ఆరాధన క్రమమూ వారం వారం ఒకటే కదా. మా నాయిన్ని మట్టి చేసినప్పుడు అయ్యగారు చదివిన మాటలే, ఎదురింటి తాతను మట్టి చేసినప్పుడూ చదివినారు. కొత్త మాటలు చెప్పింటే మా అమ్మకు ఒక్కటీ ఎక్కేది కాదు. తెలిసిన మాట కాబట్టే పట్టుకునింది’’ అన్నాడు.

నవ్వులు కాస్త తగ్గాయి. ‘‘సీఐడీలో నాకు నచ్చనిది ఒకటే. దయా తలుపు విరుస్తాడు, లోపల శవం ఉంటాది, మళ్లీ బండెక్కి పోతారు. ఆ ఇంట్లో రాత్రికి ఎవరుండారో ఎవురూ చూపించరు’’ అన్నాడు మళ్లీ. దోస్తు దానికి బదులివ్వలేదు. ‘‘సుమ్మనే అన్నాను లేరా’’ అని కిటికీ వైపు తిరిగాడు.

తండ్రి గని మనిషి

కుర్రాడి తండ్రి కోలారు బంగారు గనుల్లో పనిచేశారు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గనులవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్ ఈ కాలనీల్లో అందరికీ తెలిసిన పేరే. ఆయన దగ్గుతో పదేళ్లు బతికి పోయారు. ఆ పదేళ్లూ ఇంటికి క్రమం తప్పకుండా వచ్చిన మనిషి అయ్యగారొక్కరేనని కొడుకు చెబుతాడు. ‘‘మందు తెచ్చేవాడు కాదు, డబ్బు ఇచ్చేవాడు కాదు. వచ్చి కూర్చునేవాడు. అంతే.’’

తల్లి సంగతి వేరు. ‘‘దేవుని పని మంచిదే నాయినా, నేను కాదనను. చెల్లెలి పెళ్లి ఎవురు చేస్తారు?’’ అంటుంది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. చదువు నాలుగైదేళ్లు పడుతుంది. ఆ తర్వాత వచ్చే జీతం ఇప్పటి కంపెనీ జీతానికి సాటి రాదు. కొన్నేళ్లకోసారి బదిలీ. ఇల్లు గుడిది, మనది కాదు.

దారి ఇదీ

పాస్టరు కావడం సీరియల్‌లో కేసు తేలినంత సులువు కాదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)లోనైతే ముందు సొంత గుడి సిఫార్సు కావాలి. తర్వాత డయాసిస్ ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేయాలి. ఆపైన వేదాంత కళాశాల, కొంతకాలం గుడిలో శిక్షణ. ముందు డీకన్‌గా, తర్వాత ప్రెస్బిటర్‌గా బిషప్ అభిషేకం చేస్తారు. 1976 నుంచి ఆడవాళ్లకూ ఈ అభిషేకం ఇస్తున్నారు. బెంగళూరు మిల్లర్స్ రోడ్డులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ 1910 నాటిది. చదువంతా ఇంగ్లిషులోనే. తెలుగువారి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారింది. రెండూ సేరంపూర్ సెనేట్ పట్టాలకే చదివిస్తాయి.

కుర్రాడికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లిషు. తెలుగు గలగలా మాట్లాడతాడు. బైబిలు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాడు. కన్నడ అక్షరం తెలుగుకు చుట్టమే కాబట్టి ఆ మాత్రం వచ్చింది. గుడిలో ముసలివాళ్లకేమో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం చూడాల్సిన పనే లేదు. పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసిన పాటలు నోటికొచ్చు. వాళ్ల మనవళ్లు అవే పాటలు ఇంగ్లిషు అక్షరాల్లో ఫోన్‌లో రాసుకుని పాడుతున్నారు. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు, చదివేవాళ్లే కరువు. రేపు తెలుగు ఆరాధన నడిపేదెవరని పెద్దలు అడుగుతున్నది అందుకే. ఈ కుర్రాడి మీద వాళ్లకు ఆశ కూడా అందుకే.

‘‘ఇంగ్లిషులో చదివి, తెలుగులో ప్రసంగం చేసి, అరవంలో ఓదార్చల్లంట. ప్రద్యుమన్‌కైనా అవుతుందా అన్నా ఇది?’’ అని అడిగాడు నన్ను. ప్రద్యుమన్‌కు అవుతుందేమో. 2025 ఏప్రిల్‌లో సీరియల్‌లో ఆయన్ను చంపేశారు, అభిమానులు గోల చేశారు, కొన్నాళ్లకే తిరిగొచ్చేశారు. ఈ మాటంటే కుర్రాడు చెవులు మూసుకున్నాడు. ‘‘ఇది మా గుడిలో అనొద్దన్నా, సిఫార్సు ఇవ్వరు!’’

ఆ సిఫార్సు కాగితం కోసం గుడి కమిటీ ముందు ఇంకా కూర్చోవాల్సి ఉంది. దోస్తులు మాత్రం అప్పుడే పని మొదలుపెట్టారు. రైల్లో రోజుకో కీర్తన గట్టిగా చదివిస్తున్నారు. తప్పు పోతే టీ డబ్బులు వాడివే. పోయిన వారం నాలుగు టీలు పెట్టుకున్నాడు.