స్ప్రెడ్‌షీట్‌లో చార్టు: ఒకే అంకెలు రెండు కథలు ఎందుకు చెబుతాయి?

భారతదేశంలో ఆరేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లల్లో ప్రతి 1,000 మంది బాలురకు ఎందరు బాలికలున్నారో జనాభా లెక్కలు పదేళ్లకోసారి చెబుతూ వచ్చాయి. 1961లో ఆ సంఖ్య 976. తర్వాత వరుసగా 964, 962, 945, 927. చివరిసారి లెక్కలు జరిగిన 2011లో 919.

ఈ ఆరు అంకెలను స్ప్రెడ్‌షీట్‌లో నింపి చార్టు మీట నొక్కితే అర నిమిషంలో బొమ్మ సిద్ధమవుతుంది. ఆ బొమ్మ చూసినవారు ‘పెద్ద మార్పేమీ లేదే’ అని ఊరుకుంటారా, లేక ఉలిక్కిపడతారా అన్నది మాత్రం అంకెలతోనే తేలదు. దాన్ని గీసినవారు ఎంచుకున్న రకం, కొలత కూడా అందులో సగం పాత్ర వహిస్తాయి.

మొదట అంకెలను నింపే పని. ఒక నిలువు వరుసలో సంవత్సరాలు, పక్క వరుసలో నిష్పత్తి రాయాలి. రెండో వరుసకు పైన ‘భారతదేశం’ అని శీర్షిక పెట్టి, మొత్తాన్ని ఎంచుకుని ‘ఇన్‌సర్ట్’ కింద ఉండే చార్టును నొక్కాలి. ఎక్సెల్, గూగుల్ షీట్స్, ఉచితంగా లభించే లిబ్రెఆఫీస్ కాల్క్, మూడింటిలోనూ దారి ఇదే. కొత్తవారు తరచూ తడబడేది ఇక్కడే. సంవత్సరాలు కూడా అంకెలే కాబట్టి, 1961, 1971 వంటివాటిని కూడా సాఫ్ట్‌వేర్ కొలతలుగా భావించి వాటికీ ఒక గీత గీసేస్తుంది. ఎక్సెల్‌లో సంవత్సరాల వరుసకు పైనున్న మొదటి గడిని ఖాళీగా వదిలితే ఈ చిక్కు తీరుతుంది. కాల్క్‌లోనూ షీట్స్‌లోనూ మొదటి వరుసను పేర్లుగా వాడమని చెప్పే టిక్కు గుర్తు ఉంటుంది.

అసలు నిర్ణయం తర్వాత వస్తుంది. పాఠశాలలో కమ్మీ రేఖాచిత్రం అని నేర్చుకున్న బార్ చార్టునే చాలామంది ముందుగా ఎంచుకుంటారు. కమ్మీని చూసే కన్ను దాని పొడవును కొలుస్తుంది. నిలువు అక్షం సున్నా వద్ద మొదలైతే 1961 కమ్మీకీ 2011 కమ్మీకీ తేడా ఆరు శాతం లోపే. రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. అదే అక్షాన్ని 900 నుంచి మొదలుపెడితే మొదటి కమ్మీ ఎత్తు 76, చివరిదాని ఎత్తు 19. అంటే నాలుగో వంతు! బాలికల సంఖ్య నాలుగో వంతుకు పడిపోయిందని పాఠకుడు అనుకుంటే తప్పు అతనిది కాదు. అంకెల మధ్య తేడా స్వల్పంగా ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే సున్నాను వదిలేసి పైనుంచి అక్షాన్ని మొదలుపెట్టడం మామూలే కనుక, ఎవరూ మోసం తలపెట్టకపోయినా ఇది జరిగిపోతుంది. కమ్మీలు గీసినప్పుడు అక్షం సున్నా నుంచే ఉండాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

అలాగని సున్నా నుంచి గీసిన కమ్మీలు నిజం చెప్పాయా? అవి అబద్ధం చెప్పలేదు, అంతే. జరిగినదాన్ని కనబడనివ్వలేదు. ఈ అంకెలకు కమ్మీలు తగవు.

కాలక్రమంలో మార్పును చూపడానికి గీతల చార్టు ఉంది. విలియం ప్లేఫెయిర్ 1786లో లండన్‌లో ప్రచురించిన పుస్తకంలో దేశాల వాణిజ్యాన్ని ఎక్కువగా గీతలతోనే చూపించాడు. స్కాట్లండ్‌కు మాత్రం ఒకే ఏడాది లెక్కలు దొరకడంతో గీత సాధ్యపడక కమ్మీలను ఆశ్రయించాడు. నేడు ప్రతి కార్యాలయంలోనూ కనబడే బార్ చార్టు అలా సమాచారం కొరవడి పుట్టింది!

గీతలో కన్ను చూసేది వాలును. కాబట్టి అక్షాన్ని 900 నుంచి 1,000 వరకు పెట్టడం తప్పు కాదు, ఆ సంగతిని చార్టు మీదే రాస్తే చాలు. ఎక్సెల్‌లో నిలువు అక్షంపై రెండుసార్లు క్లిక్ చేస్తే కనిష్ఠ, గరిష్ఠ విలువలు మార్చుకునే గడులు తెరుచుకుంటాయి. కాల్క్‌లో ముందు చార్టుపైన, తర్వాత అక్షంపైన రెండేసిసార్లు నొక్కాలి.

ఇప్పుడు గీత కిందికి దిగుతున్నట్లు స్పష్టంగా కనిపిస్తుంది. ఎంత దిగితే ఆందోళన పడాలి? అది తెలియాలంటే పోల్చడానికి ఒక ఆధారం కావాలి. సాధారణంగా ప్రతి 100 మంది బాలికలకు దాదాపు 105 మంది బాలురు పుడతారన్నది జనాభా శాస్త్రవేత్తల అంచనా. ఆ లెక్కన 1,000 మంది బాలురకు సుమారు 952 మంది బాలికలు. మూడో వరుసలో ప్రతి ఏడాదికీ 952 అని రాస్తే చార్టులో అడ్డంగా ఒక సమరేఖ వస్తుంది. ఇది పుట్టుకకు సంబంధించిన నిష్పత్తి, తొలి ఏళ్ల శిశు మరణాలు ఇందులో చేరవు. అందువల్ల దీన్ని కచ్చితమైన హద్దుగా కాక గుర్తుగానే తీసుకోవాలి. అయినా అది చూపేది చిన్న విషయం కాదు. దేశం గీత ఈ రేఖను 1981కీ 1991కీ మధ్య దాటి కిందికి దిగింది. గర్భస్థ శిశువు లింగాన్ని తెలిపే పరీక్షలు దేశంలో వ్యాపించిన కాలమది. వాటిని నియంత్రించే చట్టం 1994లో వచ్చి, 1996 జనవరి 1 నుంచి అమలైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకెలనూ చేర్చి చూడండి: 1991లో 975, 2001లో 961, 2011లో 939. అంతకుముందరి గడుల్లో సున్నా రాయకూడదు. రాస్తే గీత పాతాళం నుంచి ఎగిసినట్లు కనిపిస్తుంది. ఖాళీగానే వదిలేయాలి. దేశం గీత చివరి దశాబ్దంలో 8 పాయింట్లు మాత్రమే దిగి కాస్త నెమ్మదించింది. తెలుగువారి గీత ముందు దశాబ్దంలో 14, తర్వాతి దశాబ్దంలో 22 దిగి, 952 రేఖ కిందికి చేరింది. దేశ సగటు కంటే మెరుగ్గా ఉన్నామన్న ఒక్క అంకె దగ్గర ఆగిపోతే ఈ జారుడు కంటబడదు.

మరో చిక్కు ముందుంది. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు జరగలేదు. తర్వాతి లెక్కలకు దేశంలో అత్యధిక ప్రాంతాలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం ప్రకటించింది. అంటే 2011 తర్వాతి చుక్క పదేళ్లకు కాదు, పదహారేళ్లకు వస్తుంది. మనం పేర్లుగా ఇచ్చిన సంవత్సరాలను మామూలు గీతల చార్టు సమదూరంలో పేర్చుకుంటూ పోతుంది. పదహారేళ్ల మార్పు పదేళ్లలో జరిగినట్లు చూపి, పెరుగుదలనైనా తగ్గుదలనైనా ఉన్నదానికంటే నిటారుగా నిలబెడుతుంది. చార్టు రకాన్ని ‘స్కాటర్’కు మార్చి, చుక్కలను గీతతో కలిపే ఎంపిక తీసుకుంటే సంవత్సరాల మధ్య అసలు దూరం నిలుస్తుంది. ఆ పని ఇప్పుడే చేసిపెట్టుకోవడం మేలు.

రంగులు, హంగుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేనివారు ఉంటారు కాబట్టి ఆ రెంటినీ పక్కపక్కన వాడకపోవడం మంచిది. గీతల పేర్లు పక్కన పెట్టెలో కాక గీత చివరనే రాయవచ్చు. త్రీడీ హంగును తాకకుండా వదిలేయడమే ఉత్తమం.

చార్టును చూడలేనివారూ ఉంటారు. ఆకాశవాణి శ్రోతకు బొమ్మ అందదు. చూపు లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చార్టు దగ్గరకు వచ్చేసరికి మూగబోతుంది. చార్టుకు వివరణ జోడించే సౌకర్యం మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. ఎక్సెల్‌లో చార్టు అంచుపై కుడి మీట నొక్కితే ‘ఆల్ట్ టెక్స్ట్’ కనిపిస్తుంది. అక్కడ ‘బాలల నిష్పత్తి చార్టు’ అని రాసి ఊరుకుంటే ఉపయోగం లేదు. ఇలా రాయవచ్చు: “1961 నుంచి 2011 వరకు ప్రతి 1,000 మంది బాలురకు బాలికల సంఖ్య. దేశంలో 976 నుంచి 919కి తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 నుంచి 2011 మధ్య 975 నుంచి 939కి తగ్గింది. నిలువు అక్షం 900 వద్ద మొదలవుతుంది.”