కౌరీ వృక్షము – దాని నిర్యాసము

చెట్టు తన గాయమును మాన్పుకొనుటకై స్రవించు రసమును మానవుడు తన గృహమునకు ధూపముగను, తన దేహమునకు ఔషధముగను స్వీకరించుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. మన శేషాచలపు అడవులలో లభించు గుగ్గిలము అట్టిదే. న్యూజీలాండు ఉత్తరద్వీపపు పైభాగమున పెరుగు కౌరీ మహావృక్షము కూడ అట్టి నిర్యాసమునకు పుట్టినిల్లు.

కౌరీ శంకుధారి జాతికి చెందిన సతతహరిత వృక్షము. వైపోవా అరణ్యమందలి 'తానె మహుత' అను కౌరీ ఎత్తు 51 మీటర్లు, మ్రాని చుట్టుకొలత 13.8 మీటర్లు, దాని వయస్సు 1,250 మొదలు 2,500 సంవత్సరముల వరకు ఉండవచ్చునని అంచనా. గాఢాలింగనమున ఉన్న ఆకాశపితను, భూమాతను విడదీసి, లోకమునకు వెలుగు ప్రసాదించిన తానె అను అరణ్యదేవత పేరునే మావోరీలు ఈ వృక్షమునకు పెట్టుకొనిరి.

కొమ్మ విరిగినను, బెరడు చీలినను కౌరీ నుండి చిక్కని రసము స్రవించి, గాలి సోకగానే గట్టిపడి, మన చర్మముపై గాయము పక్కు కట్టినట్లు ఆ చోటును కప్పివేసి, పురుగును, బూజును లోనికి రానీయదు. ఇట్లు రాలిన నిర్యాసము వేలకొలది సంవత్సరములు మట్టిలోను, చిత్తడి నేలలలోను నిలువయుండెను. మావోరీలు దానిని కాపియా అందురు, లేతదానిని నమిలెడివారు, ముదిరినదానిని నీట నానబెట్టి పూహా అను ఆకుకూర రసముతో మెత్తపరచి నమిలెడివారు, దివిటీగా వెలిగించెడివారు, దాని మసిని కొవ్వుతో కలిపి పచ్చబొట్టునకు వర్ణముగా వాడెడివారు.

పందొమ్మిదవ శతాబ్దమున, ఈ నిర్యాసము శ్రేష్ఠమైన వార్నిషునకు పనికివచ్చునని ఐరోపా వర్తకులు గ్రహించినంతనే దాని గతి మారిపోయెను. మావోరీలు, ఆంగ్లేయులు, ఆడ్రియాటిక్ తీరమునుండి వచ్చిన డాల్మేషియనులు బురదలో మోకాలిలోతున నిలిచి, ఇనుప ఊచలతో నేలను గుచ్చి వెదకి, దానిని త్రవ్వితీసిరి. 1899లో 11,116 టన్నులు ఎగుమతి అయ్యెను. 1850 మొదలు 1950 వరకు మొత్తము 4,50,000 టన్నులు దేశము దాటెను. భూమిలోనిది చాలక, బ్రతికియున్న చెట్లను గొడ్డళ్లతో గాయపరచి రసము కార్పించుటకు కూడ కొందరు తెగించిరి. ఆ పనిని ప్రభుత్వారణ్యములలో 1905లో నిషేధించవలసివచ్చెను. నిడుపైన, ముడులు లేని కలప కొరకు, పొలముల కొరకు అడవులు నరకబడి, ఒకప్పుడు 12 లక్షల హెక్టార్లలో వ్యాపించిన కౌరీ వనములలో నేడు ప్రాచీనమైనది సుమారు 7,500 హెక్టార్లు మాత్రమే మిగిలినది. వైపోవా అరణ్యమునకు 1952లో రక్షణ లభించుట ఆ దేశ ప్రజల ఆందోళన ఫలము.

అయినను ఆపద తీరలేదు. మట్టిలో నివసించు ఫైటాఫ్తోరా జాతి సూక్ష్మజీవి తడినేలలో ఈదుచు వేళ్లను చేరి కుళ్లజేయును. ఆకులు పసుపుబారును, మ్రాని మొదలున నిర్యాసము ధారలు కట్టును. శతాబ్దములుగా తన్ను కాపాడిన ఔషధమును ఆ వృక్షము శక్తికొలది స్రవించుచున్నను, గాయము వేళ్లయందుండుటచే అది పనిచేయదు. ఫాస్ఫైటు సూదిమందు వ్యాధిని మందగింపజేయునే గాని నిర్మూలింపదు. తిమింగలము కౌరీకి సోదరుడని నమ్ము నార్త్‌లాండు మావోరీ వైద్యులు తిమింగలపు తైలముతో చికిత్స చేయుచున్నారు. వైటాకెరె కొండలకు సంరక్షకులైన తె కావెరౌ ఆ మాకి తెగవారు వ్యాధి వ్యాపింపకుండుటకై 2017 డిసెంబరులో ఆ కొండల అడవిలో ఎవరును అడుగిడరాదని సంప్రదాయ నిషేధము విధించిరి.

ఈ వ్యాధిని చెట్టు నుండి చెట్టునకు మోసికొనిపోవువానిలో ముఖ్యమైనది మనుష్యుని చెప్పులకంటిన మట్టి. కావున ఆక్లండులో స్థిరపడిన తెలుగువారును, యాత్రకై వెళ్లువారును అరణ్యద్వారమున పాదరక్షలను శుభ్రముగా తోమి, మందునీరు చల్లి, మూసిన దారులలో అడుగిడక, పలకల బాట వీడక నడువవలెను. ఇంతకన్న తేలికైన వృక్షసేవ మరియొకటి లేదు.